గృహోపయోగ విషయములు: కారుపై పడిన గీతలు

క్రిందటి మాసమున మేము ఇత్తడి పాత్రల మెఱుగును గూర్చి వ్రాసితిమి. దానిని చదివిన సోదరీమణులలో కొందఱు, ఇత్తడి సంగతి తమకు తల్లులవలననే తెలియుననియు, తెలియనిది వాకిట నిలిచియున్న కారు సంగతి యనియు, దాని తలుపులపై పడిన గీతలను పోగొట్టు ఉపాయమును తెలుపవలసినదనియు కోరిరి. కోరుట న్యాయమే. కారు కొనునపుడు పురుషుల మాటయు, రంగు నిర్ణయించునపుడు పిల్లల మాటయు చెల్లును గాని, నెలనెలా కిస్తు కట్టవలసి వచ్చినపుడు చీటీ పాడుట, పాల లెక్క తగ్గించుట మొదలగునవి స్త్రీల పాలికే వచ్చుచున్నవి. కావున ఆ వస్తువును కాపాడుకొను విద్యయు మనకు తెలిసియుండుట మేలు.

మా ఆలేరు హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు రాజమార్గముపై నున్నది. యాదగిరిగుట్ట మాకు సమీపము. 2022వ సంవత్సరము మార్చి నెలలో పునర్నిర్మితమైన నరసింహస్వామి యాలయము తెఱచిన పిమ్మట యాత్రికుల రాకపోకలు హెచ్చినవి. వారిని గుట్టకును, అటుపై కొలనుపాక జైనమందిరమునకును చేరవేయుచు కారుపైననే జీవించు కుటుంబములు మా యూర గలవు. అట్టివారికి కారు వేడుక వస్తువు కాదు, కాడికి కట్టిన యెద్దుల జత వంటిది. తలుపుపై తెల్లని చాఱ కనబడినచో బాడుగకు పిలుచువారు మొగము చిట్లింతురు. అమ్మబోయినచో ధర తగ్గును.

గీతలు పడుటకు కారణములు మా ప్రాంతమున వెదుకనక్కఱలేదు. సందుల కిరుప్రక్కల పెరిగిన సర్కారు తుమ్మ మొదటిది. అమెరికా ఖండపు చెట్టు; 1877 ప్రాంతమున కడప మండలమున నాటగా నేడు అది లేని డొంక లేదు. దాని ముళ్లు కారు ప్రక్కలను బారెడు పొడవున గీఱును. పిమ్మట సంతనాడు ఆనుకొని నిలిపిన మోటారు సైకిళ్లు, బానెట్టు నెక్కు మేకలు, చేత గులకఱాయి గల పిల్లలు. వీని యన్నిటికంటె పెద్ద కారణ మొకటి గలదు. దానిని తరువాత చెప్పెదము, ఏలయన ముందుగా కారు రంగు ఎట్టిదో తెలియనిదే అది తెలియదు.

పూర్వము కారునకు రంగు వేయుట అనిన, కుంచెతో పొరపై పొర వేసి, ఆఱబెట్టి, నూఱి, మరల వేసి, వారముల తరబడి చేయు పని. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నిజాముగారి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచినవారు గలరు. అది 1912లో తయారైనది. ఆ కాలపు పని అట్టిది. 1920 తరువాత త్వరగా ఆఱు లక్కరు రంగులు అమెరికాలో వచ్చినవి. 1980 ప్రాంతమునుండి రంగు నొక పొరగను, దానిపై గాజువలె పారదర్శకమైన మఱియొక పొరను వేయు పద్ధతి వ్యాపించినది. ఈ పైపొరను మెకానిక్కులు క్లియరు కోటు అందురు. నేటి కార్లలో మనము చేతితో తాకునది రంగు కాదు, ఈ పైపొర.

ఉక్కు రేకుపై మొదట తుప్పు పట్టకుండ మందు. తరువాత కారు శరీరమునంతటిని తొట్టిలో ముంచి విద్యుచ్ఛక్తిచే అంటించు పొర. దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటిపై క్లియరు కోటు. ఇవన్నియు కలిసి సాధారణముగా నూఱు మొదలు నూట ఏబది మైక్రానులు. మైక్రా ననగా మిల్లీమీటరులో వేయవ వంతు. క్లియరు కోటు మాత్రము నలువది యేబది మైక్రానులు ఉండును. మన తలవెండ్రుక సుమారు డెబ్బది మైక్రానుల లావుండును. అనగా కారు మెఱుపంతయు వెండ్రుకకంటె పలుచనైన పొరయందున్నది.

గీతను పోగొట్టుట యనిన గీతను పూడ్చుట కాదు. ఆ గీత యంత లోతున్నదో అంతవఱకు చుట్టునున్న పొరను సన్నని పొడితో అరుగదీసి సమము చేయుట. జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడిపనివారు చేయునదియు ఇదియే: మొదట ఆకుఱాయి, పిమ్మట అంతకంటె సన్ననిది, తుదకు మెఱుగుపొడి. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని నల్లఱాతి కంబములు 1163 నాటివైనను నేటికిని నీడ చూపుచున్నవన్న, అదియు అరుగదీయుటలోని నేర్పే. కాని ఱాతికి మూరల మందము గలదు, ఇత్తడికి గింజల మందము గలదు. సానపట్టిన మణి తఱిగియు వెలుగునని పెద్దలందురు. కారు రంగునకు తఱుగుటకు అంత సొమ్ము లేదు. క్లియరు కోటు వడ్డీ రాని మూలధనము వంటిది. మెఱుగు పెట్టించిన ప్రతిసారియు దానిలో కొంత వ్యయమగును, మరల జమ పడదు. పండుగకొకసారి కారును షాపునకు పంపి యంత్రముతో నున్నగా రుద్దించువారు ఈ సంగతి యెఱుగవలయును. అట్లు కొన్నేండ్లు చేయించిన బానెట్టుపై పొర యరిగిపోయి, ఎండకు రంగు వెలిసి, తెల్లని మచ్చలు బయలుదేఱుట మేము చూచితిమి.

కావున మొదటి ప్రశ్న గీతను ఎట్లు తీయవలెనన్నది కాదు; తీయదగినదా కాదా యన్నది. దీనికి రెండు పరీక్షలు గలవు, రెంటికిని కాసైన ఖర్చు లేదు.

మొదటిది నీటి పరీక్ష. గీతపై నీరు చిలుకరింపవలెను. తడిసినంతసేపు గీత కనబడకపోయి, ఆఱగానే మరల కనబడినచో అది పైపొరను దాటలేదు. కారణము సులభమే. గీత యంచులు వెలుగును చెదరగొట్టుటచేత అది మనకు తెల్లగా కనబడుచున్నది. నీరు ఆ సందును నింపగా వెలుగు చెదరదు. మా యింట పంతులుగారు బడిపిల్లలకు గఱుకు గాజుపై నీరు పూసి చూపుదురు. మసకగా నున్న గాజు తడియగానే ఆవలి ప్రక్క కనబడును. అదియే ఇదియు.

రెండవది గోటి పరీక్ష. శుభ్రమైన గోటిని గీత కడ్డముగా మెల్లగా జార్పవలెను. గోరు తగులుకొనక జాఱిపోయినచో చేతిమెఱుగుతో పోవుననవచ్చును. గోరు ఆగినచో ఆ గీత లోతైనది, ఎంత రుద్దినను పోదు. పోయెడివఱకు రుద్దినచో గీతతోపాటు పైపొరయే పోవును. గీత యడుగున వేఱు రంగు, అనగా బూడిదరంగు ప్రైమరో మెఱయు రేకో కనబడినచో పరీక్ష యక్కఱయే లేదు.

మఱియొకటి. కొన్ని గీతలు గీతలే కావు. గోడ సున్నమో, ఇంకొక బండి రంగో మన కారుపై అంటుకొని చాఱవలె కనబడును. చేతితో తడిమిన లోతునకు మాఱు ఉబ్బు తెలియును. ఇది సన్నని పాలిషుతో నాలుగు మాఱులు తుడిచిన పోవును. ఇట్టిదానిని చూచి రంగు వేయించుకొన్నవారును గలరు!

మా వీధి యిల్లాలొకతె యొకనాటి ప్రొద్దున మా గడప నెక్కి, “అక్కా, ముండ్లకంపకు కారు పక్కంత గీసుకపోయింది. రెండు డోర్లకు రంగు వెయ్యాలె అంటున్నరు. ఇగ నా చెవులయి కుదువ పెట్టుడేనా?” అని అడిగినది. షాపువారు చెప్పిన మొత్తము రెండు నెలల కిస్తునకు మించియున్నది. వారి కారు బాడుగకు తిరుగునది. షాపున వారము దినములు నిలిచిన ఆ వారపు రాబడియు పోవును. మేము పోయి చూచితిమి. కారుపై దుమ్ము వ్రేలెడు మందమున నున్నది, దానిలో చాఱలు భయంకరముగనే యున్నవి. ముందుగా కడిగించితిమి. కడుగగనే సగము చాఱలు లేవు. అవి దుమ్ములోని గీతలేగాని రంగులోనివి కావు. మిగిలిన సగములో చాలవఱకు నీటి పరీక్షకు మాయమైనవి. గోటి కాగినవి తలుపుపిడి చెంత రెండును, వెనుక తలుపుపై మఱియొకటియు. ఈ కడపటిది ముండ్ల పని కాదు. ఆ యింటి మనుమడు క్రొత్తగా అక్షరములు నేర్చుచు పలకయో తలుపో చూడక గులకఱాతితో చక్కని “అ” వ్రాసియుండెను. తండ్రి చేయి యెత్తగా నాయనమ్మ కొంగుచాటున దాచినది.

రెండు దినములు ప్రొద్దుటిపూట ఆ యిల్లాలును ఆమె కోడలును చేతితోనే పని చేసిరి. చెవులకమ్మలు చెవులనే యున్నవి. వారు చేసిన విధమునే వ్రాయుచున్నాము.

కారును నీడకు చేర్చి రేకు చల్లబడనీయవలెను. వేడి రేకుపై మందు ఎండి గీతలు పెట్టును. మొదట ఒట్టి నీటిని ధారగా పోసి ఇసుకను జాఱ్చవలెను. ఈ యదనున గుడ్డ తాకరాదు. పిమ్మట రెండు బకెట్లు. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో ఒట్టి నీరు. గుడ్డను షాంపూలో ముంచి పైకప్పునుండి క్రిందికి తుడుచుచు, ప్రతి మాఱును ఒట్టి నీటిలో జాడించి ఇసుకను వదలించి, తరువాతనే మరల షాంపూలో ముంచవలెను. చక్రముల చెంత వాడిన గుడ్డను పైకి తేరాదు. బట్టల సబ్బుపొడి వలదు. మైనముండిన దానిని ఊడ్చివేయును. గుడ్డ మైక్రోఫైబరుదైన శ్రేష్ఠము. దాని నూగు ఇసుక రేణువును తనలోనికి తీసికొనును. పాతచీర ముక్క మెత్తనిదే గాని దాని సమతలపు నేతలో రేణువు పైననే నిలిచి గీఱును; అంచు జరీ యుండిన చెప్పనక్కఱలేదు.

ఆఱిన పిమ్మట గీత చుట్టునున్న రబ్బరు అంచులకును, తలుపు మడతలకును కాగితపు టేపు అంటింపవలెను. మడతలపై పొర మిక్కిలి పలుచన, రుద్దినచో అచ్చటనే మొదట అరుగును. స్పంజి బిళ్లపై సన్నని పాలిషును శనగగింజ పరిమాణమున తీసికొని, జానెడు చోటున, ముందునుండి వెనుకకు తిన్నని గీతలుగా సమానమైన ఒత్తిడితో ఇరువది ముప్పది మాఱులు రుద్దవలెను. గుండ్రముగా రుద్దుట మానుట మంచిది. పొరపాటున ఏదేని గీఱినను తిన్నని గీత అన్ని వైపులనుండి కనబడదు, గుండ్రని గీత యెండలో సాలెగూడువలె మెఱయును. శుభ్రమైన వేఱొక గుడ్డతో తుడిచి, ప్రక్కనుండి టార్చిలైటు వేసి చూడవలెను. తగ్గినచో మరల ఒక మాఱు. మూడు మాఱులకును మాఱనిచో ఆపవలెను. సగము తగ్గిన గీత చాలును. బారెడు దూరమునుండి కనబడనిది బాడుగ తగ్గింపదు. పెద్ద గీతలకు రబ్బింగు కాంపౌండు అను గఱుకు మందు అమ్ముదురు. అది మొదట వాడరాదు. సన్ననిది పని చేయనిచోట మాత్రము కొంచెము వాడి, అది విడుచు మసకను మరల సన్ననిదానితో తీయవలెను. 2000, 3000 నంబరు నీటి గఱుకుకాగితముతో రుద్దుట నేర్చినవారి పని, ఇంటిలో చేయదగదు.

తుదిని మైనపు పూత. బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టాకులనుండి తీసిన మైనము పేరుపొందినది. ఇది గీతను తీయదు. దుమ్ము అంటకుండ కొంతకాలము కాచును.

పాత కార్లు గలవారికి ఒక మాట. 2014లో నిలిచిపోయిన అంబాసిడరు వంటివి ఇంకను కొన్ని యిండ్ల నున్నవి. పాత రంగు గల బండిలో పాలిషు గుడ్డకు కారు రంగు అంటినచో వెఱవనక్కఱలేదు. దానిపై క్లియరు కోటు లేదని యర్థము. క్రొత్త కారులో గుడ్డకు రంగంటినచో మాత్రము వెంటనే ఆపవలెను. పైపొర పోయినది.

ఇక ఇరుగుపొరుగువారు చెప్పు చిట్కాలు. పండ్లపేస్టు పనిచేయునందురు. అందు సన్నని సుద్దపొడి వంటిది యుండుటచే అతి స్వల్పమైన గీత తగ్గవచ్చును గాని, అది పండ్లకు చేసినది; ఒక్కొక్క పేస్టు గఱుకు ఒక్కొక్క తీరు, మసక మిగులును. కొబ్బరినూనె పూసిన గీత మాయమగును. ఇది నీటి పరీక్షయే, నీటికి మాఱు నూనె. రెండవ కడుగుడునకు గీత యథాస్థానమున నుండును. త్రోవ ప్రక్కన అద్భుతముగా గీతలు తుడిచి చూపి అమ్ము ద్రవములు చాలవఱకు ఈ జాతివే. చింతపండు, బూడిద, ఇటుకపొడి ఇత్తడికే. ఇత్తడిపై చింతపండు కిలుమును కరగించును. కారుపై కరగింప కిలుము లేదు, చెఱచుటకు రంగు గలదు. క్రిందటి మాసము చదివి ఈ మాసము కారుపై ప్రయోగింపవలదని వేడుచున్నాము.

గోటి కాగిన గీతలకు టచప్ రంగు. కారు రంగు సంఖ్య తలుపు తెఱచిన స్తంభముపైననో, బానెట్టు లోపలనో అంటించిన చీటిపై నుండును. ఆ సంఖ్య చూపి చిన్న సీసా కొనవలెను. తెలుపులలోనే అనేక తెలుపులు గలవు. రేకు బయటపడినచోట తుప్పును గీఱి, ప్రైమరు చుక్క పెట్టి, ఆఱిన పిమ్మట రంగును అగ్గిపుల్ల కొసతో గీత లోపలనే పలుచగా రెండు మూడు మాఱులు నింపవలెను. ఇది అందముకొఱకు గాక వానకాలమునకు ముందు తుప్పు నాపుటకు చేయునది, కాబట్టి వాయిదా వేయరాదు. ముందు వెనుకల బంపర్లు నేటి కార్లలో ప్లాస్టిక్కువి. వానికి తుప్పు లేదు. వానిపై గీతలు ఎన్నాళ్లున్నను నష్టములేదు, డబ్బున్ననాడు చూచుకొనవచ్చును. మా వీధివారి కారు వెనుక తలుపున నింపిన ఆ అకారము నేటికిని ఏటవాలు వెలుగున చదువవచ్చును. దానిని ఇంకను కప్పుమని వారెవరిని అడుగలేదు.

ఇన్సూరెన్సు గలదుగదా యనువారు లెక్క చూచుకొనవలెను. క్లెయిము చేయని సంవత్సరమునకు ప్రీమియములో, కారు నష్టపు భాగముపై, మొదటి యేట నూటి కిరువది తగ్గింపు దొరకును. అది ఏటేట పెరిగి అయిదేండ్లకు నూటి కేబది యగును. ఒక్క క్లెయిముతో ఆ తగ్గింపు పోవును. అదిగాక ప్రతి క్లెయిములోను కొంత మొత్తము, చిన్న కారులకు వేయి రూపాయలు, మనమే భరింపవలెను. చిన్న గీతకై అయిదేండ్ల తగ్గింపును పోగొట్టుకొనుట గింజకై గాదెకు నిప్పు పెట్టుట వంటిది.

ముందు చెప్పెదమన్న పెద్ద కారణము ఇది. ప్రతిదినము ప్రొద్దున పొడిగుడ్డతో కారును దులుపుట. మా ప్రాంతపు నేల నల్లఱాయి కాదు, గ్రానైటు చితికి అయిన ఎఱ్ఱ చల్క. గ్రానైటులోని మెత్తని భాగము మట్టియై పోగా మిగులు ఇసుక క్వార్ట్జు. గట్టిదనపు కొలతలో అది ఏడు. గాజు అయిదున్నర, మన గోరు రెండున్నర. అట్టి రేణువులు క్లియరు కోటుపై పఱచియుండగా పొడిగుడ్డతో నొత్తి తుడుచుట గఱుకుకాగితముతో రుద్దుటయే. ముండ్లకంప ఏడాది కొకసారి గీఱును. ఈ గుడ్డ మూడువందల యఱువదియైదు దినములు గీఱును. ఎండలో నల్ల కారును చూచినపుడు కనబడు సాలెగూడు వలయములు దీని పనియే. దుమ్ము పడియున్న కారు అట్లే పడియుండుటయే మేలు. వారమున కొకసారి నీటితో కడిగిన చాలును. మా యత్తగారు మాత్రము దీని నొప్పుకొనరు. వాకిట దుమ్ముపట్టిన బండి యుండుట లక్ష్మీప్రదము కాదందురు. వారు మేలుకొనకముందే నీరు చల్లుటకు అలవాటు పడితిమి.

గుట్టవద్ద వాహనపూజ చేయించువారు క్రొత్త కారుపై పసుపు కుంకుమలు పెట్టి, పూజ ముగియగనే అక్కడనే పొడిగుడ్డతో తుడిచివేయుదురు. త్రోవ పొడవున పడిన దుమ్ము దానిపైననే యున్నది, కారునకు మొదటి గీతలు ఆనాడే పడును. ఇంటినుండి రెండు సీసాల నీరును రెండు మైక్రోఫైబరు గుడ్డలును తీసికొనిపోయి, బొట్టు పెట్టు చోటును ముందుగా తడిపి తుడిచి, అటుపై పెట్టవలెను. తీయునపుడును నీరు పోసియే తీయవలెను. తెల్లకారుపై పసుపు మఱక నిలిచినచో రుద్దవలదు. పసుపు రంగు ఎండకు నిలువదు. కొన్ని దినములు ఎండలో నుంచిన అది తనంతట వెలిసిపోవును.